దానంలో స్వత్వవిచారం : ఏకచక్రపురం నుండి భద్రాద్రి వరకు

సద్గుణాలను అలవరచుకొనటం, ఉన్నంతలో పరులకు పెట్టటం భగవత్సాన్నిధ్యానికి సోపానాలని చెప్పని మతం లేదు. ఇంతవరకు వివాదం లేదు. అయితే దానమహిమను కీర్తించే గ్రంథాలను చదివేటప్పుడు దృష్టి సాధారణంగా దాత మనస్సుపై, లేదా ప్రతిగ్రహీత పాత్రతపై నిలుస్తుంది. ఆ ఇద్దరి మధ్యనున్న వస్తువు ఎవరిది అనే ప్రశ్న వెనుకపడుతుంది. నిజానికి ధర్మశాస్త్రకారులు మొదట అడిగిన ప్రశ్న అదే. తనది కానిదానిని ఇచ్చినవాడు దాత అవుతాడా? ఆ దానం అతనిని దేవునికి దగ్గర చేస్తుందా? ఈ విషయమై శాస్త్రం ఒక మాట, భక్తికథ మరొక మాట చెప్పుతున్నట్లు పైకి కనిపిస్తుంది. ఆ వైరుధ్యం యథార్థమా, ఆభాసమా అన్నదే ఇక్కడి విచార్యాంశం.

ఈ విచారానికి నిజామాబాదు జిల్లాలోని వర్ని ప్రాంతం తగిన పీఠం. బాన్సువాడకు, బోధనుకు నడుమనున్న ఈ సీమ తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసే చోటు. చేరువలోనే, మహాభారతంలోని ఏకచక్రపురంగా స్థానికులు భావించే బోధను. పడమటి దిక్కున విజ్ఞానేశ్వరుడు మితాక్షరను రచించిన కల్యాణం, దానికి ఇవతల బహమనీ సుల్తానుల బీదరు. వర్ని మండలంలోనే జలాల్‌పూర్ దగ్గర గుట్టపై సయ్యద్ సాదుల్లా హుసేనీ దర్గా. బడాపహాడ్ అనీ, పెద్దగుట్ట అనీ పిలిచే ఆ గుట్టను ముస్లిములతోపాటు హిందువులూ ఎక్కి మొక్కుకుంటారు. మొక్కు తీరితే కందూరు చేసి పదిమందికి పెడతారు. 1931లో నిజాంసాగర్ పూర్తయిన తరువాత కాలువనీటితో వరిపొలాలుగా మారిన ఈ నేలలో అన్నానికి, అన్నదానానికి దూరం తక్కువ. ఇన్ని సంప్రదాయాలవారూ ఒకే ప్రశ్నను తమతమ మార్గాలలో ఎదుర్కొన్నారు.

శాస్త్రదృష్టి

యాజ్ఞవల్క్యస్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షర ఆరవ విక్రమాదిత్యుని కాలంలో (1076–1126) వెలువడింది. దాని వ్యవహారాధ్యాయంలో దానానికి ఇచ్చిన నిర్వచనం మిక్కిలి పొదుపైనది. తన స్వత్వం తొలగటం, పరుని స్వత్వం ఏర్పడటం – ఈ రెండు అంశాలు కూడినప్పుడే దానం. అవతలివాడు స్వీకరిస్తే తప్ప రెండవ అంశం సిద్ధించదని కూడా విజ్ఞానేశ్వరుడు స్పష్టం చేశాడు. ఇందులో పుణ్యం, స్వర్గం, దయ, కీర్తి అన్న మాటలు లేవు. ఉన్నది స్వత్వం ఒక్కటే. స్వత్వమే లేనిచోట నివృత్తి దేనికి? కావున పరధనంతో చేసినది తక్కువరకం దానం కాదు, అసలు దానమే కాదు. ఈ భేదం సూక్ష్మమే గాని, తరువాతి చర్చ అంతా దానిమీదనే నిలిచి ఉంది.

యాజ్ఞవల్క్యుడు ఇవ్వదగినదానికి రెండు కట్టుబాట్లు పెట్టాడు. అది తనదై ఉండాలి, ఇచ్చినందువల్ల కుటుంబానికి బాధ కలుగరాదు. నారదుడు ఇవ్వరానివాటిని ఎనిమిదిగా లెక్కించాడు. ఒకరికి అందజేయమని చేతికిచ్చినది, ఎరువు తెచ్చుకొన్నది, తాకట్టు వస్తువు, ఉమ్మడి సొత్తు, దాచిపెట్టమన్న నిక్షేపం, భార్యాపుత్రులు, సంతానం ఉండగా సర్వస్వం, మరొకరికి ఇస్తానని మాట ఇచ్చినది. ఎంతటి ఆపదలో ఉన్నా వీటిని ఇవ్వరాదన్నాడు. ఈ ఎనిమిదింటిలో అధికభాగం దొంగసొమ్ము కాదన్న సంగతి గమనార్హం. అవి అన్నీ మనిషి చేతిలో న్యాయంగానే ఉన్నవి. చేతిలో ఉండటం వేరు, తనది కావటం వేరు. నమ్మి అప్పగించినవాటిని ఉదారంగా పంచిపెట్టేవాడు దొంగకంటె ప్రమాదకరుడని స్మృతికారుడు గ్రహించాడు. దొంగను లోకం నిందిస్తుంది, ఇతనిని పొగడుతుంది.

మనువు మరింత కఠినంగా పలికాడు. తనవారు దుఃఖంలో ఉండగా బయటివారికి పెట్టే సమర్థుని ధర్మం పైకి తేనె, లోపల విషమని అతని అభిప్రాయం. అది ధర్మానికి నకలు మాత్రమే. దేవలుడు చెప్పిన ఆరు దానాంగాలలో దాత, ప్రతిగ్రహీత, శ్రద్ధ, దేశం, కాలాలతోపాటు దేయవస్తువు ధర్మయుక్తమై ఉండటం కూడా ఒకటి. శ్రద్ధ ఉన్నది గదా అని మిగిలిన అంగాలను విడిచిపెట్టటానికి వీలులేదు. గీత పదునేడవ అధ్యాయంలోని సాత్త్విక, రాజస, తామస విభాగం అందరికీ సుపరిచితమే కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. ఆ విభాగం దాత భావానికి సంబంధించినది, వస్తువుకు కాదు.

దానఖండాన్ని చతుర్వర్గచింతామణిలో కూర్చిన హేమాద్రి దేవగిరి యాదవ మహాదేవుని కొలువులో (1260–1271) శ్రీకరణాధిపతి, అనగా రాజ్యపు లెక్కపత్రాలకు పెద్ద. లెక్కలు చూచే వ్యక్తి దానాన్ని గూర్చి అంతటి మహాగ్రంథాన్ని కూర్చటం ముచ్చట గొలుపుతుంది. తెలుగులో తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన విజ్ఞానేశ్వరీయాన్ని పద్యాలలో అందించాడు. తెలుగు సాహిత్యచరిత్రలు ఆ గ్రంథాన్ని ఒకటి రెండు వాక్యాలతో దాటవేస్తాయి. దానప్రకరణాల అధ్యయనానికి అది ఇంకా సరిగా వినియోగపడలేదు.

మరి రాజు మాటేమిటి? అతనిది కానిది ఏముంది? ఈ ప్రశ్నకు పూర్వమీమాంస ఆరవ అధ్యాయంలో ఆశ్చర్యకరమైన సమాధానం ఉన్నది. విశ్వజిద్యాగంలో యజమాని సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. సర్వస్వమంటే తల్లిదండ్రులు కూడానా అన్న శంకకు కాదని సమాధానం, ఏమనగా వారు బంధువులేగాని సొత్తు కారు. చక్రవర్తి అయితే భూమండలాన్ని ఇవ్వవచ్చునా అంటే అదీ కాదు. భూమి అందరికీ సమానం. పాలకునికి ఉన్నది రక్షించే అధికారం, ఆ రక్షణకు ప్రతిఫలంగా పంటలో భాగం. బౌధాయనుడు కూడా ఆరవ భాగాన్ని రాజుకు జీతంగానే చెప్పాడు. జీతగాడు తన జీతాన్ని దానం చేయవచ్చు, కాపలా ఉన్న పొలాన్ని చేయరాదు. ప్రజాధనంతో కట్టిన సత్రానికి దాతగా తన పేరు చెక్కించుకొనే ఆచారం పాలకులలో ఏ కాలంలోనూ తక్కువ కాదు. జైమిని సూత్రం ముందు ఆ శిలాఫలకాలు నిలువవు.

ఏకచక్రపురంలో కుంతి

బోధనులో ఏకచక్రేశ్వరాలయం, రాకాసిపేట అనే పేట ఉన్నాయి. బకాసురుడు అక్కడివాడేనని జనుల విశ్వాసం. వంగదేశంలోని బీర్‌భూమ్ వారూ తమ ఊరిని ఏకచక్రమంటారు. స్థలనిర్ణయం ఈ వ్యాసపరిధిలోనిది కాదు. కథలోని దానసమస్య మాత్రం ఏ ఊరికైనా ఒకటే.

లక్కయింటి నుండి తప్పించుకొన్న పాండవులు ఏకచక్రంలో ఒక బ్రాహ్మణుని ఇంట ఉంటూ భిక్షాన్నంతో జీవిస్తున్నారు. తెచ్చిన భిక్షలో సగం భీమునికి, తక్కిన సగం కుంతికి, నలుగురు కొడుకులకు. బకునికి ఆహారంగా మనిషిని పంపవలసిన వంతు ఆ గృహస్థునికి వచ్చింది. భర్త నేను పోతానంటాడు, భార్య నేనంటుంది, కూతురు నేనంటుంది. మాటలు సరిగా రాని పసివాడు గడ్డిపోచ పట్టుకొని రాక్షసుణ్ణి కొడతానంటాడు. వ్యాసభారతంలో ఈ ఘట్టాన ఒక భయంకరమైన సూచన ఉన్నది. ధనముంటే మరొక మనిషిని కొని పంపవచ్చును గాని ఆ ధనం తన దగ్గర లేదని గృహస్థు అంటాడు. మనుష్యుణ్ణి కొని బలిగా ఇచ్చే వీలు ఆ ఊరిలో ఉన్నదన్నమాట. ఇతరుల ప్రాణంతో తన బాధ్యతను తీర్చుకొనే మార్గమది.

అప్పుడు కుంతి తనకు ఐదుగురు కుమారులున్నారని, ఒకడిని పంపుతానని అంటుంది. గృహస్థు ఒప్పుకోడు. తన ప్రాణం కోసం అతిథి ప్రాణాన్ని తీయటం తనకు తగదంటాడు. స్వీకరణ లేక దానం లేదన్న మితాక్షర వాక్యం ఇక్కడ జ్ఞప్తికి వస్తుంది. కొడుకు బలాన్ని చెప్పి ఒప్పించవలసి వచ్చింది. ఇంతలో ధర్మరాజు వచ్చి తల్లిని నిష్ఠురంగా ప్రశ్నిస్తాడు. ఎవని భుజబలాన్ని నమ్ముకొని తాము నిద్రపోతున్నారో, ఎవనివల్ల పోయిన రాజ్యం మళ్లీ రాగలదో, అతనిని పరుల బిడ్డకోసం విడిచిపెట్టటం ఏ బుద్ధితో అని అతని ప్రశ్న. నారదుని పరిభాషలో చెప్పాలంటే భీముడు పుత్రుడు గనుక అదేయం, అయిదుగురికీ ఆధారం గనుక ఉమ్మడి సొత్తుగానూ అదేయం. ధర్మరాజు ఆక్షేపణ స్వార్థంగా కనిపించినా శాస్త్రసమ్మతమే.

కుంతి సమాధానంలోనే ఈ కథకు కీలకం ఉన్నది. తాను లోభంతోగాని అవివేకంతోగాని చేయలేదని, భీముని బలం ఎరిగే చేశానని చెప్పి, ఆ గృహస్థు ఇంట తాము సుఖంగా దాగి బ్రతికినందుకు ఇది ప్రత్యుపకారమని అంటుంది. తాను చేసినదాన్ని ఆమె దానమనలేదు, అప్పు తీర్చటమన్నది. త్యాగమని చెప్పుకొని ఉంటే ధర్మరాజు ఆక్షేపణ నిలిచేది. నన్నయ ఆదిపర్వంలో ఈ కథను తెనిగించాడు. తరగతిలో దీనిని పరోపకారానికి ఉదాహరణగా చెప్పటం పరిపాటి. పరోపకారం కంటె ఋణవిమోచనమనటం మూలానికి దగ్గర.

దానానికి, ఋణవిమోచనానికి గల ఈ తేడా పల్లెకు కొత్త కాదు. కళ్లంలో ధాన్యం ఇంటికి చేరకముందే కుమ్మరికి, కమ్మరికి, చాకలికి, మంగలికి వారి వారి వాటా కొలిచిపెట్టేవారు. దానిని ఏ రైతూ దానమనుకోలేదు. ఏడాదిపాటు జరిగిన పనికి అది బాకీ. బాకీ కొలిచిన తరువాత బిచ్చగానికి వేసిన దోసెడు మాత్రం దానం. ఇస్లాం ధర్మశాస్త్రంలో కూడా ఇటువంటి విభాగమే కనిపిస్తుంది. నిర్ణీతపరిమాణానికి మించిన సంపదపై నూటికి రెండున్నర వంతున ఇచ్చే జకాత్ బీదల హక్కు. సదఖా స్వచ్ఛందదానం. అధర్మార్జితమైనదానితో చేసిన సదఖా దేవునికి చేరదని, తనది కానిదానిని వక్ఫు చేయరాదని ఆ శాస్త్రజ్ఞుల నిర్ణయం. పెద్దగుట్టపై కందూరు పెట్టే ఇరుమతాలవారికీ ఈ ఒక్క విషయంలో శాస్త్రాలు ఒకే మాట చెప్పుతున్నాయి.

మూడు భాషలలో ముగ్గురు అధికారులు

ఇక భక్తికథల వైపు చూస్తే స్థితి తారుమారైనట్లు కనిపిస్తుంది. కన్నడసీమలో బసవేశ్వరుడు, మరాఠీసీమలో దామాజీపంతు, తెలుగుసీమలో రామదాసు. ముగ్గురూ రాజోద్యోగులు, ముగ్గురి చేతిలోనూ ప్రభుధనం, ముగ్గురిపైనా ఒకే ఆరోపణ. మూడు కథలలోనూ దేవుడు భక్తుని పక్షాన నిలిచాడు. మితాక్షర పుట్టిన కల్యాణంలోనే మరుసటి తరాలలో బసవని కథ నడవటం యాదృచ్ఛికమే కావచ్చును గాని ఆలోచింపజేస్తుంది.

పాల్కురికి సోమనాథుని బసవపురాణం ప్రకారం, బిజ్జలుని భండారాన్ని బసవన్న జంగములకు పంచిపెడుతున్నాడని గిట్టనివారు రాజుకు చాడీ చెప్పారు. రాజు నిలదీశాడు. బసవన్న తాను పరధనానికి చేయి చాచేవాడను కానని బదులు చెప్పి పెట్టెలు తెరిపించి లెక్కించుకొమ్మన్నాడు. లెక్కిస్తే ధనం తక్కువ కాలేదు. ఇక్కడ కవి బసవని సమర్థించిన తీరు పరిశీలించదగినది. భక్తులకోసం రాజధనం వాడితే తప్పేమి అన్న వాదాన్ని సోమనాథుడు ఎత్తుకోలేదు. వీరశైవాభినివేశం గల ఆ కవికి ఆ వాదం సులభంగా దొరికేదే. ధనం వాడలేదు, లెక్క సరిపోయింది అన్నదే అతని సమర్థన.

దామాజీ కథను మహీపతి 1762లో భక్తవిజయంలో మరాఠీ ఓవీలలో చెప్పాడు. బీదరు సుల్తాను తరఫున మంగళవేఢలో అధికారిగా ఉన్న దామాజీ, ఘోరమైన కరవులో ప్రభుత్వ ధాన్యాగారాలను తెరిచి ఆకలిగొన్నవారికి పంచాడు. వార్త బీదరుకు చేరింది. అతనిని పట్టి తెమ్మని ఉత్తరువు అయింది. అతను దారిలో ఉండగానే పండరిపుర విఠోబా మహారు వేషంలో దర్బారుకు వెళ్లి ధాన్యపు వెలను చెల్లించి రసీదు పుచ్చుకొన్నాడు. గ్రామపు శిస్తుసొమ్మును ఖజానాకు మోసుకొనిపోవటం మహారుల పనులలో ఒకటి. దేవుడు ధరించినది ఏదో ఒక నీచజాతి వేషమని తేలికగా తీసుకొనరాదు. బాకీ చెల్లించటానికి ఎవరు రావలసి ఉన్నదో సరిగ్గా ఆ మనిషి వేషమది.

రామదాసు వృత్తాంతం తెలుగువారికి చెప్పనక్కరలేదు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న, అబుల్ హసన్ తానాషా (1672–1687) ఏలుబడిలో అక్కన్న మాదన్నల ప్రాపకంతో భద్రాచల ప్రాంతపు అధికారి అయ్యాడు. శిస్తుసొమ్ముతో ఆలయాన్ని కట్టించి నగలు చేయించాడని అతనిని గోలకొండలో ఖైదు చేశారు. పన్నెండేళ్లకు రామలక్ష్మణులు ఇద్దరు బంటుల రూపంలో వచ్చి ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు తీసుకొన్నారని కథ. చెరలో పాడినదిగా ప్రసిద్ధమైన ‘ఇక్ష్వాకుకులతిలక’ కీర్తనలో రామదాసు ఒక్కొక్క నగను, అది ఎవరికి చేయించినదీ, ఎంత అయినదీ పేర్కొంటాడు. నిందాస్తుతిగా దానిని అందరూ మెచ్చుకుంటారు. అది ఒక లెక్కపత్రం కూడా. సొమ్ము ఎటుపోయిందో చెప్పవలసిన ఉద్యోగి, ఆ సొమ్ము అందుకొన్నవానికే పద్దులు చదివి వినిపిస్తున్నాడు.

మూడు కథలనూ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక సామ్యం స్పష్టమవుతుంది. ఏ కథలోనూ దేవుడు అప్పును కొట్టివేయించలేదు. సుల్తాను మనస్సును మార్చి ఉండవచ్చు, లెక్కపుస్తకాలను అగ్నికి ఆహుతి చేసి ఉండవచ్చు, చెరసాల గోడలను కూల్చి ఉండవచ్చు. భక్తికథలలో ఇవి ఏవీ అసాధ్యం కావు. అయినా మూడు భాషల కథకులూ బాకీని పైసాతో సహా తీర్పించారు. ఇద్దరు రసీదు కూడా ఇప్పించారు. దేవుడు ధనం చెల్లించిన క్షణాన, భక్తుడు ఇచ్చినది పరధనం కాకుండా పోయింది. లేని స్వత్వం ఏర్పడింది, అప్పుడే దానం దానమైంది. భక్తికథ శాస్త్రాన్ని ధిక్కరించలేదు. శాస్త్రం అడిగిన షరతును పూర్తిచేసిన తరువాతనే కథను ముగించింది. పైకి కనిపించే వైరుధ్యం ఆభాసమాత్రమే.

అయితే ముగ్గురూ సమానులా? కథకులకే అలా తోచినట్లు లేదు. బసవని భండారం అప్పటికప్పుడు నిండుగా కనిపించింది. దామాజీ బీదరు చేరకముందే రసీదు వచ్చింది. రామదాసుకు పన్నెండేళ్లు పట్టింది. ఈ ఆలస్యం తెలుగు కథకులను బాధించినట్లు ఉన్నది. పూర్వజన్మలో చిలుకను పన్నెండు రోజులు పంజరంలో బంధించిన పాపమని ఒక ఉపకథను చేర్చారు. అంత దూరం పోనవసరం లేదనిపిస్తుంది. దామాజీ ఇచ్చినది ఆకలితో చచ్చేవారికి. ఆ ధాన్యం రైతులు రక్షణకు ప్రతిఫలంగా కొలిచిన భాగం. కరవులో రాజు విత్తనం, తిండి సమకూర్చి ప్రజలను ఆదుకోవాలని, ఉన్న నిల్వను పంచిపెట్టాలని కౌటిల్యుడు విధించాడు. దామాజీ చేసినది రాజు చేయవలసిన పనే, దోషమంతా అనుమతి లేకపోవటంలో ఉన్నది. కుంతి మాటలో అది ప్రత్యుపకారానికి దగ్గర. రామదాసు భక్తిని ఎవరూ శంకించలేరు. కాని పచ్చలపతకానికి కరవుతో సమానమైన అత్యవసరం లేదు. శిస్తు కట్టిన రైతుకు, చింతాకు పతకానికి ఉన్న దూరాన్ని పన్నెండేళ్లుగా కొలిచిన కథకుని ధర్మబుద్ధి మెచ్చదగినదే.

మూడవ అడుగు

దేవునికి దగ్గర కావటమనే ఫలం స్పష్టంగా కనిపించేది బలిచక్రవర్తి కథలో. పోతన భాగవతం అష్టమస్కంధంలో ఈ ఘట్టాన్ని చదవని తెలుగు విద్యార్థి ఉండడు. శుక్రాచార్యుని పాఠకులు సాధారణంగా దానానికి అడ్డుపడిన దుష్టునిగా చూస్తారు. మూలభాగవతంలో అతని వాదం యాజ్ఞవల్క్యుని వాదమే. జీవనానికి చేటు తెచ్చే దానం మెచ్చదగినది కాదని, సంపదను ధర్మానికి, కీర్తికి, అర్థానికి, కామానికి, తనవారికి అయిదు భాగాలుగా పంచుకొన్నవాడు ఇహపరాలలో సుఖిస్తాడని అతను చెప్పాడు. అది గృహస్థధర్మం. చెప్పిన సందర్భం చెడ్డది గాని సూత్రం చెడ్డది కాదు.

బలి సంపద ఎటువంటిది? భృగువంశీయులు అతనిచేత విశ్వజిద్యాగం చేయించారు. ఆ యాగంలో లభించిన రథం, ధనుస్సులతో అతను అమరావతిపై దండెత్తి ఇంద్రుని వెళ్లగొట్టాడు. సర్వస్వాన్ని ఇవ్వవలసిన యాగం చేసి, పరుల సర్వస్వాన్ని పుచ్చుకొన్నవాడు బలి. వామనుని మొదటి రెండు అడుగులు భూమిని, స్వర్గాన్ని కొలిచాయి. అవి మరల ఇంద్రునికే చేరాయి. కావున ఆ రెండు అడుగులు దానమనటం కంటె, పుచ్చుకొన్నది తిరిగి ఇవ్వటమనటం సముచితం. మూడవ అడుగుకు చోటు లేదు. అప్పుడు బలి తన తలను చూపాడు. మూడు లోకాలలో అతను గెలుచుకొననిది, ఎవరినుండీ తీసుకొననిది అదొక్కటే. సుతలానికి పంపుతూ విష్ణువు అతని వాకిట తానే కాపలాగా ఉంటానని వరమిచ్చాడు. ఈ వరం రెండు అడుగులకు రాలేదు, మూడవ అడుగుకు వచ్చింది.

ఇదే న్యాయాన్ని అశ్వమేధపర్వంలోని నకులోపాఖ్యానం గృహస్థుని స్థాయిలో చెప్పుతుంది. కురుక్షేత్రంలో రాలిన గింజలు ఏరుకొని బ్రతికే విప్రుడు, భార్య, కొడుకు, కోడలు. కరవులో దొరికిన కొద్దిపాటి యవలను పేలపిండి చేసుకొని భోజనానికి కూర్చుండగా అతిథి వచ్చాడు. నలుగురూ ఒకరి తరువాత ఒకరు తమ తమ పాళ్లు ఇచ్చారు. ఎవరి పాలు వారే ఇచ్చారన్నది ముఖ్యం. కోడలి పాలు తీసుకోవటానికి మామ సందేహించాడు, ఆమె స్వయంగా ఒప్పించి ఇచ్చింది. ఆ పిండి రాలినచోట పొర్లిన ముంగిసకు సగం ఒళ్లు బంగారమైంది. మిగిలిన సగం కోసం అది యజ్ఞవాటికలన్నీ తిరిగి ధర్మరాజు అశ్వమేధానికి వచ్చి నిరాశపడింది. ఆ యాగానికి ధర్మరాజు యుద్ధంలో చితికిన రాజులనుండి ధనం తీయటానికి ఇష్టపడలేదు. అది అతని సద్గుణం. అందుకు బదులుగా మరుత్తుని యాగంలో మిగిలిపోయి హిమాలయంలో పడి ఉన్న బంగారాన్ని తవ్వించి తెచ్చాడు. అది ఎవరినీ బాధించని ధనమే. అయినా అతని చెమట అందులో లేదు. ముంగిస ఈ కారణాన్ని చెప్పదు. కాని ఒకే పర్వానికి మొదట మరుత్తుని నిధిని, చివర ముంగిసను నిలిపిన కూర్పు ఆ పోలికను పాఠకునికే వదిలిపెట్టింది. తిక్కన తెలుగులోనూ ఆ క్రమం చెడలేదు.

కల్యాణంలోని శరణులు ఈ తత్త్వానికి రెండు పేర్లు పెట్టారు. కాయకం, దాసోహం. తన కాయకష్టంతో తెచ్చినదే దాసోహానికి తగినది. ఆయ్దక్కి మారయ్య కాయకం బియ్యపుగింజలు ఏరుకొని రావటం. అతని భార్య లక్కమ్మ వాటితో వండి జంగములకు పెట్టేది. ఒకనాడు మారయ్య ప్రతిదినం కంటె ఎక్కువ బియ్యం తెచ్చాడు. వచ్చే అతిథులకు మరికొంత పెట్టవచ్చునని అతను అనుకొని ఉండవచ్చు. లక్కమ్మ మూటను చూచి, రోజువారీ అవసరానికి మించిన ఆశ శరణులకు తగదని చెప్పి, ఎక్కువైన బియ్యాన్ని తెచ్చినచోటనే తిరిగి పోసి రమ్మన్నది. మారయ్య వెనుకకు వెళ్లి పోసివచ్చాడు. మిగిలిన గింజలతో ఆనాటి దాసోహం జరిగింది.